లంకాకు తగువు

మల్లేశం షాపు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే ఆ మాట చెప్పాడు. "లంక పెద్దమ్మ పోయిందంట అక్కా. నిద్రల్నే పానం పోయిందంట. వాళ్ళ తమ్ముని బిడ్డ ఫోన్ జేసి చెప్పింది." నేను అప్పుడు అరబ్బు ఆడవాళ్ళు తొడిగే నల్ల అబాయా ఒకదానికి అంచు కుడుతున్నాను. "అట్లనా" అన్నాను. మెషీను ఆపలేదు. ఆపితే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఆపలేదు. కాసేపటికి చూసుకుంటే అంచంతా వంకరగా పోయింది. మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. ఆ కోపం కూడా ఆమె మీదే వచ్చింది. ఆమె బతికి ఉన్నప్పుడూ అంతే, శుక్రవారం పూట ఆమె వచ్చి వెళ్ళిందంటే నా చేతిలో ఏ పనీ తిన్నగా సాగేది కాదు.

ఆమెకు మంచి పేరే ఉంది. బతాకా అని ఇక్కడ మేమందరం మెడలో కట్టుకున్నట్టు జాగ్రత్తగా చూసుకునే గుర్తింపు కార్డు మీద ఇంటిపేరుతో సహా అచ్చయి ఉంది. కానీ ఒమాన్‌లోని ఈ మబేలాలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. లంక పెద్దమ్మ అంటే చాలు. గోదావరి మధ్యలో ఇసుక, ఒండ్రు పేరుకుని తేలిన దిబ్బ మీద పుట్టిన మనిషి. అల్ మవాలేలో ఒక ఒమానీ ఇంట్లో మంచం పట్టిన ముసలావిడకి స్నానం చేయించడం, తిండి తినిపించడం ఆమె డ్యూటీ. శుక్రవారం సగం రోజు సెలవు. ఆ సగం రోజూ మబేలాలో నా కుట్టు షాపులో గడిపేది. గడపడమంటే కూర్చుని కాదు. ఆమె కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ.

"కూచో పెద్దమ్మా, కాళ్ళు నొప్పి పుట్టవా?" అంటే, "కూసుంటేనే నొప్పులే. తిరిగితే ఎక్కడికక్కడ సర్దుకుంటాయి" అనేది.

తిరిగేది. మెషీన్ల మధ్య, వేలాడే బట్టల మధ్య, ట్రయల్ రూమ్ పరదా దాకా వెళ్ళి మళ్ళీ వచ్చేది. తిరుగుతూ చేతికి అందిన గుడ్డనల్లా పట్టుకుని చూసేది. పిడికిలి బిగించి వేళ్ళ కణుపుల మీద గుడ్డని లాగిపట్టి, ట్యూబ్ లైటుకి అడ్డం పెట్టి, చివరికి వాసన చూసేది. లంకలో వాళ్ళు పండించేది పొగాకు. ఆ ఆకుని చూసినట్టే గుడ్డనీ చూసేది. "ఇది మందం. ఇది చిరుగుద్ది. ఇదిగో ఇది బావుంది, ఈనె తెలీటం లేదు" అని తీర్పులు చెప్పేది. మొదటిసారి వచ్చిన ఒమానీ ఆడవాళ్ళు ఈమే షాపు యజమాని అనుకునేవాళ్ళు. ఒకావిడైతే నన్ను పక్కకి తప్పించి కొలతలు ఆమెనే తీసుకోమంది. ఆమె నిజంగానే టేపు అందుకుంది.

మనుషుల్ని కూడా ఆకుల లెక్కనే చూసేది. మొక్కకి కింద ఉండేది అడుగాకు, చప్పగా ఉంటుంది, తొందరగా పండిపోతుంది. నడిమాకు మెత్తన, చుట్టకి పైన చుట్టడానికి అదే కావాలి. కొనాకు ఘాటు. మా ఆయన అడుగాకు. మల్లేశం నడిమాకు. నేను కొనాకు. "నిన్ను లోపల పెట్టి చుట్టాలే గానీ పైన చుట్టకూడదు. పెదవి కాలిపోద్ది" అని నా మొహం మీదే అనేసింది. మాది ప్రొద్దుటూరు. మాట పడే అలవాటు లేదు. అయినా ఆ మాటకి నవ్వొచ్చింది.

చుట్ట కాల్చేది. అందులో దాపరికం లేదు, నేనూ దాచను. చాలాసార్లు తిట్టాను. తిట్టినప్పుడల్లా "మా అమ్మా ఇలాగే తిట్టేది, కాలుస్తా తిట్టేది" అనేది. అయితే ఆమె కాల్చేది అడ్డపొగ. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, చల్లని కొస బయటకి ఉంచి పీల్చడం. ఆ వైపు ఆడవాళ్ళకి అది మామూలే, నీళ్ళలో నిలబడి నాట్లు వేస్తున్నా వానకి ఆరిపోదు, గాలికి రవ్వలు ఎగరవు. ఒమాన్‌లో ఆమెకి అది ఇంకోలా పనికొచ్చింది. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ దర్జాగా కాల్చుకునేది. నిప్పు కనిపించదు, బూడిద రాలదు. వాసన మాత్రం మెట్ల మీదుగా కిందికి దిగేది. ఇంటి యజమానురాలు వైరు ఎక్కడో కాలుతోందని భయపడి ఎలక్ట్రీషియన్ని పిలిపించింది. అతను ఏసీలన్నీ విప్పి చూసి, ఏమీ లేదని బిగించి వెళ్ళాడు. అతను పని చేస్తున్నంతసేపూ నిచ్చెన పట్టుకుని నిలబడింది ఈమేనట. నోరు మూసుకుని.

తగువు ఎలా మొదలైందో చెప్పాలి. ఆ ఇంటి పెద్దాయన, ఈమెకి వీసా ఇచ్చిన యజమాని, అర్బాబు అంటారిక్కడ, సిగార్ల మనిషి. సాయంత్రం పూట స్నేహితులు వస్తే పెద్ద పెట్టె తెరిచేవాడు. వాళ్ళు గంటల తరబడి వాదించుకునేవాళ్ళట, పైన చుట్టిన ఆకు ఏ దేశానిదని. క్యూబా అని ఒకరు, కామెరూన్ అని ఒకరు, అమెరికాలో తెల్లగుడ్డ పందిళ్ళ కింద పెంచుతారని ఇంకొకరు. ఈమె ముసలావిడ గదిలోంచి వినేది. అరబ్బీ అంతా అర్థం కాకపోయినా ఆకు గురించి మాట్లాడుతున్నారని తెలిసేది. మర్నాడు పొద్దున పళ్ళెంలో మిగిలిన ముక్కలు ఊడ్చి పారేయడం ఆమె పని కాదు, కానీ ఆ పని తనే పెట్టుకుంది. ముందు బూడిద చూసేది, తెల్లగా ఉంటే మంచి ఆకని లెక్క. ఒకసారి తడిచేత్తో ఒక ముక్కని మెల్లగా విప్పి, పైన చుట్టిన ఆకుని చీలిక లేకుండా తీసి, టిష్యూలో మడిచి, శుక్రవారం దాకా దాచి, నా కటింగ్ బల్ల మీద పరిచింది.

"చూడండి. ఇది మా లంకాకు" అంది.

మల్లేశం ఆ రోజు అక్కడే ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, కట్టుబడి కంపెనీలో మేస్త్రీ. శుక్రవారం బిర్యానీ పొట్లం తెచ్చుకుని మా షాపు వెనక తినేవాడు. అతను పెట్టె మీద పేరు అడిగి, ఫోన్‌లో వెతికి చదివాడు.

"గిది ఈక్వెడార్ ఆకంట పెద్దమ్మా. ఈడ రాసున్నది సూడు. మీ లంక గింక ఏం లేదు."

"ఈక్వెడారుకి ఇత్తనం ఎవుడిచ్చాడు?"

"ఇత్తనం సుమత్రా నుంచి వోయిందంట."

"సుమత్రాకి?"

మల్లేశం ఫోన్ కిందకీ పైకీ జరిపాడు. అక్కడ రాసి లేదు. ఆమెకి అంతే చాలు. "అదీ! ఓడలు ఎక్కణ్ణించి ఎల్లేవి? మా కాకినాడ నించి. మా తాతలనాటి నించి బర్మాకి పొగాకు ఓడలకి ఓడలు ఎల్లింది. ఓడలో ఆకు ఎల్తే ఇత్తనం ఎల్లదా? ఆకుకి అంటుకుని ఎల్లిపోద్ది. దుమ్ములాగుంటాదిరా ఇత్తనం. ఒక చిటికెడు చాలు ఒక ఊరికి."

"అసలు పొగాకే తెల్లోళ్ళు దెచ్చిండ్రు మన దేశానికి. మీదెట్లయితది?"

ఆ మాటకి ఆమె నడక ఆపింది. "తెచ్చినోడిది ఎలాగవుద్దిరా? పెంచినోడిది గానీ."

మల్లేశం ఊరుకునే రకం కాదు. వాళ్ళమ్మ బీడీలు చేసి నలుగురు పిల్లల్ని పెంచింది. అతనికి పైన చుట్టేది అంటే తునికాకే. "పొగాకుల పొగాకు సుట్టుడు గది ఏం కళ? లోపలికీ గదే, మీదికీ గదే. మా అవ్వ తునికాకు కత్తెరతోని కోసి, దారం గట్టి, కండ్లు మూస్కొని చేస్తది. సుట్టుడంటే గది" అనేవాడు. ఇద్దరూ మొండివాళ్ళే, తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మధ్యలో నేను వెళ్ళి, మా తాత నంద్యాల వైపు నుంచి తెప్పించుకునే ఆకు ముందు మీవన్నీ గడ్డి అన్నాను. "మీ సీమాకు మంచిదేనే. దోమలకి పొగెయ్యటానికి" అంది పెద్దమ్మ. ఆ మాటకి మాత్రం నవ్వలేదు నేను. మరుసటి శుక్రవారం ఆమెకి టీ కూడా ఇవ్వలేదు.

అలా సాగేది ప్రతి వారం. ఒక వారం కామెరూన్, ఒక వారం మెక్సికో. ఏ దేశమైనా చివరికి గోదావరిలోకి లాక్కొచ్చి దింపేది. అందులో ఒక చిత్రం గమనించాను. మల్లేశం నేల ముఖ్యమనేవాడు. ఏ నేలలో పండితే ఆ నేలది. ఈమె విత్తనం ముఖ్యమనేది. విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా అనేది. నిజానికి లంక వాళ్ళు గొప్పలు చెప్పుకునేది నేల గురించి కదా, వరదొచ్చి పోయాక మిగిలే ఒండ్రు గురించి కదా. ఈమె ఆ ఊసు ఎందుకు ఎత్తదు? నాకు ఆ అనుమానం గోరుచుట్టులా సలుపుతూ ఉండేది.

వానాకాలంలో ఆమెతో మాట్లాడలేకపోయేవాళ్ళం. ఇక్కడ వాన లేదు, అక్కడ గోదావరి. ఫోన్ చేతిలో పెట్టుకుని, ఎవరెవరో పెట్టిన వరద వీడియోలు చూస్తూ, మెషీన్ల మధ్య ఇంకా వేగంగా తిరిగేది. ఒక శుక్రవారం నేను ఉండబట్టలేక అడిగాను. "ఏం పెద్దమ్మా, మీ లంకకు నీళ్ళొచ్చినాయా? మునిగిందా ఏంది?"

"మునగటానికి లంకేదే?" అంది.

చాలా మామూలుగా అంది. పరదా దాకా వెళ్ళి వచ్చి అప్పుడు చెప్పింది. ఏటేటా గోదావరి ఒక పక్క కోసేదట. ఒక ఏడు పశువుల పాక పోయింది, ఒక ఏడు కొబ్బరి చెట్లు పోయాయి, ఒక వరదకి నడి లంకే చీలిపోయింది. మిగిలింది తర్వాతి ఏడు పోయింది. తమ్ముడు గట్టు మీదకి వచ్చి ఇంకొకరి పొలంలో కూలికి చేరాడు. ఈమె ఒమాన్ వచ్చింది. "ఇప్పుడు అక్కడ పడవలో ఎల్తే కింద మా పొలం ఉంటాది. పడవోడికి కూడా తెలీదు" అంది.

ఆ సాయంత్రమే కొంగుముడి విప్పి ఒక చిన్న డబ్బా చూపించింది. తలనొప్పి మందు డబ్బా. మూత తీస్తే గోధుమరంగు దుమ్ము. తుమ్మితే ఎగిరిపోయేటంత దుమ్ము. లంకలో చివరి పంట నుంచి ఆమె గుత్తులు ఎండబెట్టి, దులిపి, జల్లించి దాచుకున్న విత్తనం. ఇన్నేళ్ళూ ఆ ముసలావిడ మంచం కింద ఆమె పెట్టెలో, బట్టల అడుగున ఉంది; వరద రోజుల్లో మాత్రం కొంగున కట్టుకునేదట. అప్పుడు నాకు అర్థమైంది ఆమె ఎందుకు అంత కొట్లాడేదో. నేల పోయింది. విత్తనంలోనే అంతా ఉంటే లంక ఇంకా ఉన్నట్టు. నేలలో ఉంటే లేనట్టు. టీ పెడతానని వెనక్కి వెళ్ళి ఊరికే నిలబడి వచ్చాను.

మల్లేశానికి నేను చెప్పేశాను. చెప్పకపోతే బాగుండేది. అతను తర్వాతి వారం నుంచి వాదనలో మెత్తబడ్డాడు. ఆమె అది వెంటనే పసిగట్టింది. "ఏంరా, జ్వరవా?" అని అడిగింది.

రుస్తాఖ్‌లో ఆ అర్బాబు వాళ్ళకి ఖర్జూరపు తోట ఉంది. చలికాలం వారాంతాల్లో ఇంటిల్లిపాదీ అక్కడికి పోతారు, ముసలావిడని కూడా తీసుకుపోతారు కాబట్టి ఈమె కూడా పోవాల్సిందే. ఆ ఏడు చలి మొదలవుతుండగా ఈమె అర్బాబుని అడిగింది, తోటలో ఒక మూల నాకు నాలుగు మొక్కలు పెట్టుకోవడానికి చోటిమ్మని. ఏం మొక్కలంటే సిగార్ పెట్టె చూపించింది. ఆయన పడీ పడీ నవ్వి సరేనన్నాడట. ఈమెకి కావాల్సింది ఆయన నమ్మకం కాదు, చోటు.

అక్కడే ఆమె తన బుర్రంతా పెట్టింది. లంకలో ఎరువు ఎవరు వేస్తారు? వరద తెచ్చిన ఒండ్రే ఎరువు. రుస్తాఖ్‌లో వరదెక్కడిది? కానీ కొండల్లో వాన పడితే వాదీ, అంటే ఇక్కడి ఎండు ఏరు, పారుతుంది, పారిపోయాక రాళ్ళ మధ్య మెత్తటి మట్టి పేరుకుంటుంది. ఎండి పెచ్చులు లేచిన ఆ మట్టిని చూసి ఆమె ఎగిరి గంతేసిందట. గోదావరి ఆడపడుచుకి ఎక్కడ చూసినా ఒండ్రు ఒండ్రే. తోట పని చూసే బంగ్లాదేశ్ అతన్ని బతిమాలి, బెదిరించి, బస్తాలకి ఎత్తించి తోట మూలకి మోయించింది. ఖర్జూరపు చెట్ల మధ్య మోకాలెత్తు దిబ్బ కట్టించింది. చుట్టూ చిన్న కాలువ తీయించింది. మాకు ఫోన్‌లో ఫొటో పంపింది. చూస్తే లంకే, మా షాపులో బల్లంత లంక.

మొక్కలు వచ్చాయి. ఆ ముసలి విత్తనం మొలుస్తుందని నేను అనుకోలేదు. పిల్లల అరచేతుల్లా లేత ఆకులు, తర్వాత చాటంత ఆకులు. ప్రతి శుక్రవారం ఫొటోలు. వారంలో ఆమె ఉండని రోజుల్లో బంగ్లాదేశ్ అతను బోరు నీళ్ళు పోసేవాడు. తలలు తుంచమని, పిలకలు గిల్లమని ఫోన్‌లో హిందీలో చెప్పేది. అతను ఏం విన్నాడో ఏం చేశాడో గానీ ఆకు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఆకు కోసి, తాడుకి గుచ్చి, మట్టల పందిరి కింద నీడకి వేలాడదీసింది. తర్వాత పేర్చి మండె కట్టింది. మండె లోపలికి చెయ్యి దూర్చి వేడి చూసి, తిరగేసి, మళ్ళీ పేర్చి, నెలలు ఆగింది. అంత ఓర్పు ఆమెలో ఉందని నాకు తెలియదు.

ఎండలు ముదిరాక, ఖర్జూరాల కోతకి ఆ ఇంటివాళ్ళంతా తోటకి పోయిన ఒక శుక్రవారం రమ్మంది. మల్లేశం కంపెనీ పికప్ అడిగి తెచ్చాడు. మా ఆయన్నీ ఎక్కించుకుని వెళ్ళాం. పందిరి కింద చాప మీద ఆకులు పరిచి ఉంచింది. ఆ రోజు ఆమె చాప మీద కూర్చుని ఉంది. కూర్చోగా చూసి నాకెందుకో భయమేసింది.

ఆకు ఎంత బాగుందో చెప్పలేను. పల్చగా, జింక రంగులో, ఈనె వెంట్రుక మాదిరి. నా చేతికి ఇచ్చింది. పిడికిలి మీద లాగిపట్టమంది. పట్టాను. వేళ్ళ కణుపులు అవతలికి కనిపించాయి, ఆకు చిరగలేదు. సిల్కు కుట్టే చేతులు నావి, నాకు తెలుసు. "పెద్దమ్మా, నువ్వు గెలిచినావు పో" అన్నాను. మల్లేశం కూడా ఆకు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, రెండు చేతులా తిరిగి ఇచ్చాడు. ఆమె మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పెళ్ళిచూపులకి ముస్తాబు చేసిన కూతుర్ని చూసుకుంటున్న తల్లి మొహం.

ఈనె తీసి, చుట్ట చుట్టింది. ఆ రోజు అడ్డపొగ కాదు, బూడిద కనపడాలి కదా. మామూలుగా వెలిగించింది. అంటుకుంది. రెండు పీల్పులు పీల్చింది. ఆరిపోయింది.

మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది. ఇంకోటి చుట్టింది, మెత్తగా, వదులుగా. అదీ అంతే. అంచు మాత్రం నల్లగా మాడి, బూడిద తారులాగా మెరిసి, లోపలికి నిప్పు పాకడం లేదు. బంగ్లాదేశ్ అతను పరుగున వెళ్ళి లైటరు తెచ్చాడు, అగ్గిపుల్లల తప్పేమో అన్నట్టు. ఆమె లైటరు వద్దంది. ఒక ఆకు తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఉప్పు" అంది.

ఆకుని చాప మీద పెట్టింది. ఆమే చెప్పింది. "బోరు నీళ్ళలో ఉప్పు. ఈ మట్టిలోనూ ఉప్పేనే. ఉప్పు తాగిన ఆకు కాలదు. చూడ్డానికి ఎంత అందవైనా నిప్పు నిలబడదు. మా అమ్మ చెప్పేది. నాకు గుర్తే రాలేదు. ఒండ్రు కనపడేతలికి గుర్తే రాలేదు."

మల్లేశం ఉన్నట్టుండి ఒంగి, ఆమె చేతిలోంచి ఆ ఆరిపోయిన చుట్ట తీసుకున్నాడు. బీడీ తప్ప ముట్టని మనిషి. లైటరు వెలిగించి గట్టిగా పీల్చాడు, దగ్గాడు. "మస్తుగున్నది పెద్దమ్మా. అసలు లంక వాసనే. కొంచెం ఎండ తగిలితే మండుతది. ఏం కాదు" అన్నాడు.

లంక వాసన అతనికేం తెలుసు? ఆమె చుట్ట లాగేసుకుంది. "ఆకు గురించి అబద్ధం ఆడకు" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వు చెప్పిందే నిజం. నేలదే. ఇత్తనంలో ఏం లేదు. ఇది రుస్తాఖ్ ఆకు. దీన్ని ఎవరూ లంకాకు అనకండి. నలుగురిలో నవ్వులపాలవుద్ది మా లంక."

నేను ఏడ్చాను. అక్కడే, బంగ్లాదేశ్ అతని ముందు, మా ఆయన ముందు. ఆమె ఏడవలేదు. లేచి ఆకులన్నీ జాగ్రత్తగా పేర్చి, గుడ్డ కప్పి, ముసలావిడకి అన్నం టైమైందని లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళ వాదనలో మల్లేశం గెలిచాడు. తిరుగు దారిలో స్టీరింగు మీద ఒక్కసారి గుద్దాడు, ఎందుకని మేం అడగలేదు.

ఆ తర్వాతి శుక్రవారాలూ వచ్చింది. తిరిగింది. గుడ్డలు ముట్టుకుంది. పొగాకు మాట ఎత్తలేదు. సిగార్ ముక్కలు తేవడం మానేసింది. మల్లేశం కావాలని కెలికేవాడు. డొమినికన్ ఆకు గురించి చదివి వినిపించేవాడు, తునికాకు గొప్పలు చెప్పేవాడు. "అవునా నాన్నా, మంచిది" అనేది. ఆ "మంచిది" వింటే నాకు షాపు మూసేసి ఎటైనా పోవాలనిపించేది. రోజంతా ఏదో మర్చిపోయినట్టు ఉండేది నాకు. కత్తెర ఒకచోట పెట్టి ఇంకోచోట వెతికేదాన్ని. వస్తే విసుక్కునేదాన్ని, రాకపోతే గుమ్మం వైపు చూసేదాన్ని. మనిషి ఉంది, మనిషిలోని రేగే గుణం పోయింది. రుస్తాఖ్‌లో ఆరిపోయింది చుట్ట ఒకటే కాదని నాకు రోజూ అనిపించేది.

అక్కడి ముసలావిడ చనిపోయింది. ఇంక ఈమెకి ఆ ఇంట్లో పని లేదు. అర్బాబు మంచివాడు, టికెట్టు కొనిచ్చి పంపిస్తానన్నాడు. వెళ్ళే రోజు విమానాశ్రయానికి పోతూ టాక్సీ మా షాపు ముందు ఆపించింది. తమ్ముడి ఇంట్లో ఉంటానంది. గట్టు మీద, ఒక గది. గోదావరి కనిపిస్తుందా అని అడగబోయి ఊరుకున్నాను. చీర ఒకటి పెట్టాను. పిడికిలి మీద లాగి చూడకుండా అట్లాగే సంచిలో పెట్టుకుంది.

మల్లేశం సైట్ నుంచి సిమెంటు కాళ్ళూ చేతులతోనే వచ్చాడు. ఏదో చెప్పాలని వచ్చాడు. టాక్సీ డోరు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి చెప్పాడు.

"పెద్దమ్మా, ఒక్క మాట. గా సిగార్ల ఆకు మీ లంకదే. ఈక్వెడారోళ్ళకి, సుమత్రోళ్ళకి, అందరికీ మీ దగ్గర్నుంచే వోయింది. నేను ఒప్పుకుంటున్న."

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కానీ ఆమె మొహం చావు కబురు విన్నట్టయిపోయింది.

"ఒప్పుకోకు నాన్నా" అంది. అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడా ఒప్పేసుకుంటే ఇంకేం మిగిలిందిరా? లేనిదానికే గదా అందరూ తలూపుతారు. ఉన్నదాని కోసం కొట్టుకుంటారు. నువ్వొక్కడివే నాతో కొట్టుకున్నావు. కాదను. నా మొహం మీద కాదను."

మల్లేశం నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

"కాదు పెద్దమ్మా" అని గొణిగాడు.

"గట్టిగా అనరా."

"కాదు! మీది గాదు! మీ లంకది గానే గాదు!" అని వీధంతా వినపడేలా అరిచాడు. పక్క షాపు మలయాళీ అతను బయటకొచ్చి చూశాడు.

"ఏం కూత్తన్నావురా?" అంది పెద్దమ్మ. సంచి కింద పెట్టింది. చెంగు నడుముకి దోపింది. "ఏం తెలుసురా నీకు? బీడీ ముక్క మొహం నువ్వూనూ! మా గోదారి ఒండ్రు కాళ్ళతో తొక్కావా నువ్వు ఎప్పుడన్నా?" అని అందుకుంది. టాక్సీవాడు హారన్ కొట్టాడు. విమానానికి ఆలస్యమవుతుందని నేను రెక్క పట్టుకుని ఎక్కించబోతే విదిలించుకుంది. ఈనె గురించి, బూడిద గురించి, కాకినాడ ఓడల గురించి, వరద తీసిన మర్నాడు బురదలో నారు పెట్టడం గురించి మొదటి నుంచీ మొత్తం చెప్పింది. మల్లేశం చేతి సిమెంటు మొహానికంతా పూసుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, కాదు కాదు అంటూనే ఉన్నాడు.